తమిళంలో ఇచ్చిన మాట

మొన్న మా విరుదునగర్ కాలేజీలో ఆడపిల్లల ఆరోగ్యం మీద ఒక సభ పెట్టారు. మదురై నుంచి వచ్చిన డాక్టరమ్మ రొమ్ము క్యాన్సర్ గురించి చక్కగా మాట్లాడింది, కాదనను. తెరమీద ఒక యంత్రం బొమ్మ వేసి, "ఆపరేషన్ బల్ల మీదే, కుట్లు వెయ్యకముందే, గడ్డ తీసిన చోటికి లోపల్నించే రేడియేషన్ ఇచ్చేస్తారు" అని చెప్పింది. అక్కడితో ఆగి ఉంటే నేనూ నా కుర్చీలోనే ఉండేదాన్ని. ఆగలేదు. "ఇవన్నీ మన పక్క ఊళ్ళ ఆడవాళ్ళకి చెప్పినా అర్థం కావు లెండి" అని ఒక ముక్క తగిలించింది.

లేచి నిలబడ్డాను. నేను లేస్తే మా ప్రిన్సిపాల్ మేడం కళ్ళు మూసుకుంటుంది, అది ఆవిడకి అలవాటు.

"అర్థం కావని ఎవరు చెప్పారు మీకు? కోవిల్‌పట్టిలో అగ్గిపుల్లలు పేర్చే మనిషి ఒకామె కొన్నేళ్ళ కిందటే ఈ వైద్యం చేయించుకుంది. ఐదో తరగతి గడప తొక్కలేదు. ఎందుకు చేస్తారో, ఎట్లా చేస్తారో మీకంటే నాలుగు మాటలు తక్కువలో చెప్పింది నాకు."

డాక్టరమ్మ నొచ్చుకోలేదు, పైగా ఆమె ముఖం వెలిగింది. "అవునా! ఎవరామె? పేరు చెప్పండి" అంది.

"చెప్పను. పేరు బయటపెట్టావా నీ నాలుక కత్తిరిస్తానని చెప్పి ఉంది."

పిల్లలంతా గొల్లుమన్నారు. ఇంటికొచ్చి చీర మార్చుకున్నా నా వేడి తగ్గలేదు. అందుకని రాస్తున్నాను. పేరు ఇక్కడా రాయను. ఆమె ఇప్పుడు లేదు. ఎప్పుడు పోయింది, ఎట్లా పోయింది అని అడక్కండి, దానికోసం నేను కాగితం పట్టుకోలేదు.

నేను అత్తా అని పిలిచేదాన్ని. చుట్టరికం లేదు. కోవిల్‌పట్టిలో మా పుట్టింటి గోడా వాళ్ళింటి గోడా ఒకటే, అంతే. ఆమె ఇంట్లోనూ మా ఇంట్లోనూ తెలుగే. గడప దాటితే తమిళం. మా వైపు తెలుగువాళ్ళం ఎన్ని తరాలనుంచో ఇంతే, చెప్పులతో పాటు తెలుగునీ లోపలే వదిలి వీధిలోకి వెళతాం. తిరుపతిలో ఎమ్మెస్సీ చదవబట్టి నాకు ఈ రాయడం అబ్బింది. అక్కడి హాస్టల్ పిల్లలు నా తెలుగు విని, "మీ ఊళ్ళో ఇంకా రాజులున్నారా?" అని అడిగేవాళ్ళు. అత్త తెలుగు వింటే ఏమనేవాళ్ళో!

ఆమె పని చేసేది తీపెట్టి ఆఫీసులో. మా ఊళ్ళో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని ఆఫీసనే అంటారు. పొద్దున్నే కొప్పులో కనకాంబరాలు పెట్టుకుని వందలమంది ఆడవాళ్ళు "ఆఫీసుకి పోతా ఉండాం" అంటూ కదులుతుంటే, చూసినవాళ్ళు ఊరంతా గుమాస్తాలే అనుకోవాలి. గాడిపెట్టిన చెక్కపట్టీల మీద ఒక్కొక్క గాడిలో ఒక్కొక్క పుల్ల పెట్టి, పట్టీ మీద పట్టీ పేర్చి, చట్రం బిగించడం ఆమె పని. అట్లా బిగించిన చట్రాన్ని కట్టె అంటారు, తర్వాత దాన్ని మందులో ముంచుతారు. ముంచేముందు అన్ని పుల్లల తలలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఎత్తుగా నిలిచిన పుల్ల మందంతా తాగేస్తుంది, లోపలికి జారిన పుల్లకి తలే ఉండదు. అందుకని చట్రం మీద అరచేత్తో తట్టి సమం చేస్తారు.

ముప్ఫై ఏళ్ళు తట్టిన చెయ్యి ఇంటికొచ్చాక ఊరుకుంటుందా? గిన్నెలో అన్నం తట్టేది. నేను దిద్దుకుంటున్న పరీక్షపేపర్ల కట్ట లాక్కుని నాలుగువైపులా తట్టి ఇచ్చేది. బడికి వరసలో నిలబడ్డ మా వీధి పిల్లల తలలు తట్టుకుంటూ పోయి, పొడుగ్గా ఉన్నవాణ్ణి చూసి "ఈడొకడు లేసినాడు" అనేది. తట్టకపోతే ఆమెకి ఆ వస్తువు మీద నమ్మకం కుదరదు.

మా ఇద్దరికీ పోట్లాటకి కారణం అక్కర్లేదు. పండక్కి నేను విరుదునగర్ నుంచి వెళ్ళి సంచీ దించకముందే గోడ అవతలనుంచి మొదలు: "వచ్చిందమ్మా వాయాడి! మొగుణ్ణి యాడ విడిసి వచ్చినావు?" వాయాడి అంటే తమిళంలో నోరుగల్లది. ఆ మాట ఆమె నోట వినడం నాకు సన్మానంలా ఉండేది.

మామ గురించి చెప్పకపోతే ఈ కథ నడవదు. ఆయన తాయిల్‌పట్టి దగ్గర బాణసంచా పని చేసేవాడు. తొంభైల్లో ఒక మధ్యాహ్నం షెడ్డు అంటుకుంది. ప్రాణం మిగిలింది, రెండు చేతుల వేళ్ళూ మిగల్లేదు. కాలి, ముడుచుకుని, ఒకదానికొకటి అంటుకుపోయి, రెండు పిడికిళ్ళు మిగిలాయి. ఆ రోజునుంచి ఆయన వీధిలోకి రాలేదు. ఎవరైనా ఇంటికొస్తే తువ్వాలు ఒళ్ళో వేసుకుని చేతులు దాని కింద దాచుకునేవాడు. ఊళ్ళో ఇంకెంతమందికో అట్లా కాలిన చేతులున్నాయి, వాళ్ళు టీకొట్టు దగ్గర నిలబడి కబుర్లు చెబుతారు. ఈయనకి మాత్రం సిగ్గు.

మూడు పూటలా అత్తే తినిపించాలి. మధ్యాహ్నం ఆఫీసులో గంట కొట్టగానే మండుటెండలో ఇంటికి నడిచొచ్చి, తినిపించి, తిరిగి వెళ్ళేది. ఆ తినిపించడం చూసి తీరాలి. ప్రేమ, త్యాగం అని ఎవరైనా మొదలుపెడితే నేను ఒప్పుకోను. ముద్ద ఆయన నోట్లో పెట్టాకే ఆమె పోట్లాట మొదలుపెట్టేది, జవాబు రాదని.

"నిన్న కరెంటోడు వస్తే తలుపు తియ్యలేదంట? నోట్లో కూడు పెట్టుకోని చూస్తాడు సూడు! చెప్పు!"

ఆయన కళ్ళతోనే తిట్టేవాడు. మింగి నోరు తెరిచేలోపు ఇంకో ముద్ద.

ఒకసారి ఆమె జ్వరంతో పడుకుంటే మా అమ్మ వెళ్ళి తినిపించబోయింది. ఆయన ముఖం గోడకి తిప్పుకున్నాడు. మూడు రోజులు స్ట్రా వేసిన కాఫీ, పిడికిళ్ళ మధ్య పట్టుకుని కొరుక్కునే అరటిపండు, అంతే.

ఇదీ ఆ ఇల్లు. ఇట్లాంటి ఇంట్లోంచి ఒక ఆదివారం ఆమె విరుదునగర్‌లో మా ఇంటికొచ్చింది. చేతిలో కడలైమిఠాయి, అదే మా ఊరి పల్లీపట్టీ, పొట్లం ఉంది, ముఖంలో మాత్రం తిట్టు లేదు. వంటింట్లోకి లాక్కెళ్ళి, "చెయ్యి ఇట్టియ్యి" అని నా చెయ్యి తీసుకుని జాకెట్టు పక్కన ఎడమవైపు పెట్టింది.

చింతగింజంత. గట్టిగా ఉంది.

"నిండిన చట్రం ఎత్తి గుండెకి ఆనించుకుంటే తగిలింది. నొప్పి ల్యా. నొప్పి ల్యాకపోతే మంచిదే గదా?"

నేను ఫిజిక్స్ చెప్పేదాన్ని, వైద్యురాల్ని కాదు. అయినా మంచిది కాదనే అన్నాను. ఆ వారమే విరుదునగర్‌లో సూది పరీక్ష, ఫోటోలు, మళ్ళీ ఇంకో పరీక్ష. క్యాన్సరే. చిన్నది, మొదట్లోనే పట్టుకున్నామన్నారు. ఆ సాయంత్రం ఎణ్ణెపరోటా కొట్లో కూర్చుని, నూనెలో వేగి కరకరలాడే పరోటాని ఇద్దరం ముట్టకుండా చూస్తున్నాం. నేను నోరు మూసుకుని ఉండాల్సింది. మూసుకోలేదు.

"ఎందుకత్తా ఈ తంటా? మొత్తం తీసేయించుకో. యాభై దాటాక దానితో ఏం పని నీకు?"

ఆమె పరోటా ముక్క సాల్నా పులుసులో ముంచి నమిలి మింగి, నా ముఖంలోకి చూసింది.

"నీవు కాలేజీలో పాటం సెప్పేకి జుట్టు ఎందుకు? గుండు కొట్టించుకో. బోర్డు మీద రాసేకి ముక్కెందుకు? కోసి పారెయ్యి. నాది కాబట్టి నీకి సులువుగా ఉండాది."

జీవితంలో ఎన్నో వాదనలు గెలిచాను. అది మాత్రం అక్కడికక్కడే ఓడిపోయాను.

మదురైలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాను. సర్జన్‌ని చూస్తే నవ్వొచ్చింది. సన్నగా, పొడుగ్గా, మెడ ముందుకు చాచి నడిచే కుర్రాడు. తమిళం తడబడుతూ మాట్లాడేవాడు. అటువంటి తమిళం మాట్లాడేవాళ్ళు మలయాళీలే అయ్యుంటారని మేమిద్దరం తీర్మానించుకున్నాం. ఇక చూసుకోండి. బయట ఎక్కడికెళ్ళినా తెలుగు మాకు గోడలాంటిది. బట్టలకొట్లో, బస్సులో, సంతలో, అవతలివాడి ముఖంమీదే వాడి గురించి మాట్లాడుకోవచ్చు. తరాలనుంచీ ఉన్న సౌకర్యం. ఆ సౌకర్యాన్ని ఆసుపత్రిలోకీ తెచ్చుకున్నాం.

"ఈ కొంగమెడ పిల్లాడా కోసేది? వీడికి ఇంకా వాళ్ళమ్మ తల దువ్వుతోందేమో" అన్నాను నేను, వినయంగా చిరునవ్వు నవ్వుతూ.

"మెడ ఎట్ట పోతే ఏమి, వేళ్ళు సూడు. సన్నంగా, పొడుగ్గా. ఆఫీసులో కట్టె పేర్చేకి పెడితే దినానికి నాకంటే పది ఎక్కువ పేరుస్తాడు" అంది అత్త. తర్వాత ఆయన బల్లమీదున్న తన ఫైలు తీసుకుని నాలుగువైపులా తట్టి పెట్టింది.

ఆయన తల వంచుకుని రాసుకుంటున్నాడు.

రెండు దార్లు చెప్పాడు, తమిళంలో. మొత్తం తీసేస్తే, ఈ దశలో రేడియేషన్ అక్కర్లేకపోవచ్చు. గడ్డ, దాని చుట్టూ కొంచెం మాత్రం తీస్తే రొమ్ము మిగులుతుంది. కానీ తర్వాత ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు, మదురై వచ్చి రేడియేషన్ తీసుకోవాలి. అది ఎగ్గొడితే జబ్బు అక్కడే మళ్ళీ తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. "వస్తారా అమ్మా?"

"వస్తాను సార్, తప్పకుండా వస్తాను" అంది అత్త, తమిళంలో, చేతులు జోడించి, తల ఊపి. ఊపుతూనే నావైపు తిరిగి తెలుగులో, అదే గొంతుతో, "గడ్డ తియ్యనీ. ఆపైన ఈ గడప తొక్కితే నన్నడుగు" అంది.

"ఏమిటత్తా?"

"కోవిల్‌పట్టినుంచి ఈడికి వచ్చేకి రెండున్నర గంట, పొయ్యేకి రెండున్నర గంట. పొద్దున కూడు ఎవరు పెడతారు ఆయనకి? మద్యానం ఎవరు? నాలుగు దినాలైతే కాఫీతో ఉంటాడు. ఆరు వారాలు?"

"ఆకలేస్తే మా అమ్మ చేత్తో తింటాడు. తినకపోతే ఎండనీ!"

"ఎండడు. సస్తాడు. నీకి తెలీదు ఆ మనిషి."

"నువ్వు రాకపోతే నువ్వు చస్తావు. అప్పుడెవరు పెడతారు?"

"అప్పుడు నేను ఉండను గదా సూసేకి."

ఇంత మాట అని, సర్జన్‌వైపు తిరిగి మళ్ళీ నవ్వింది. నేను పళ్ళు నూరుకుంటూ నవ్వాను. మొత్తం తీయించుకోవడం ఆమెకి ఇష్టం లేదు, ఆరు వారాలు రావడం కుదరదు. ఆమె ఏరుకున్న మూడో దారి ఆ డాక్టరు చెప్పిందే కాదు. సగం వైద్యంతో ఇంటికెళ్ళి, ఆ మిగిలిన సగాన్ని ఎవరికీ చెప్పకుండా దాచిపెట్టుకోవడం.

ఆ రోజే అత్తని చేర్చుకున్నారు. మర్నాడు సర్జన్ వార్డుకి వచ్చాడు. నర్సుని పంపేసి, స్టూలు లాక్కుని కూర్చుని, తన చేతివేళ్ళు చాచి చూసుకుని అన్నాడు, తెలుగులో, స్వచ్ఛమైన ఒంగోలు తెలుగులో:

"ఆపరేషన్ బాగా చెయ్యలేదనుకోండి, మీ ఆఫీసులో కట్టె పేర్చే పని ఇప్పిస్తారా అమ్మా?"

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. వాళ్ళమ్మ తల దువ్వుతోందేమో అన్నది నేను! అత్త మాత్రం రెప్ప వెయ్యకుండా చూసి, "తెలుగోడివా? నిన్న చెప్పేకి ఏమి?" అని ఆయన్నే కసిరింది.

"చెబితే మీరు తిట్టడం ఆపేస్తారు కదా. ఇక్కడికొచ్చి ఏడాదయింది, ఇంత కమ్మగా తిట్టేవాళ్ళు దొరకలేదు." నవ్వాడు. వెంటనే నవ్వు తీసేశాడు. "ఇంకోటి కూడా విన్నాను. ఆరు వారాలు రానన్నారు. మీరు ఆ మాట తమిళంలో అని ఉంటే ఇంకోలా పోట్లాడేవాణ్ణి. నాకు తెలియకూడదని అన్నారు కాబట్టి నిజమని తెలిసింది. రాత్రంతా దాని గురించే ఆలోచించాను."

అప్పుడు చెప్పాడు ఆ యంత్రం సంగతి. కొత్తగా వచ్చింది. అందరికీ పనికిరాదు. గడ్డ చిన్నదై, ఒక్కటే అయి, వయసు మళ్ళినవాళ్ళకి. గడ్డ తీశాక ఏర్పడిన గుంటలో గుండ్రటి కొనున్న గొట్టం పెట్టి, అరగంటసేపు అక్కడికే రేడియేషన్ ఇచ్చి, గొట్టం తీసి, కుట్లు వేస్తారు. మత్తులో ఉండగానే అయిపోతుంది. తిరగబెట్టేది ఎక్కువగా గడ్డ ఉన్న చోటి పక్కనే కాబట్టి అక్కడే గట్టిగా కొడతారు.

నేను నోరు తెరిచేలోపు అత్త అందుకుంది.

"అంతేగదా! పుల్ల వెలిగేకి తలకి మందు పెట్టితే చాలు. పుల్లంతా ముంచేది ఎందుకు?"

సర్జన్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఆ మాట రాసుకున్నాడు. నేను చూశాను. ఈ చెవులతో విన్నాను కాబట్టే ఆ రోజు సభలో అంత గొంతు చేసుకున్నాను.

ఇక నా సంతోషం చూడాలి. పదిహేనేళ్ళుగా బి.ఎస్సీ పిల్లలకి ఎక్స్‌రే గొట్టం బొమ్మ గీస్తున్నాను, ఒక్కనాడు అసలుది చూసిన పాపాన పోలేదు. నన్ను చూడనియ్యమని సర్జన్ ప్రాణం తోడేశాను. చూపించాడు. వంగే చెయ్యి ఉన్న స్టాండు, దాని చివర గొట్టం, గొట్టం కొనకి నిమ్మకాయంత గుండు. అంతేనా! దానికోసం గోడలు మందంగా కట్టిన గది అక్కర్లేదా? అక్కర్లేదన్నాడు, దీని బలం తక్కువ, వేలెడు దూరం పోయేసరికి నీరసపడుతుంది. నేను పరుగున వార్డుకొచ్చి అత్తకి ఊపిరాడనివ్వకుండా చెప్పేశాను. గుండు పక్కనున్న కండకి గట్టిగా తగులుతుంది, దూరంగా ఉన్న గుండెకీ ఊపిరితిత్తికీ తగ్గిపోతుంది అని.

"పొయ్యి మాదిరి" అంది. "అరిచేది ఎందుకు? పొయ్యి పక్కన కూర్సున్నోళ్ళకే సెగ. వాకిట్లో ఉండేవాళ్ళకి ఏమి?"

పదిహేనేళ్ళ నా పాఠం రెండు ముక్కల్లో అయిపోయింది.

కానీ సర్జన్ ఒక షరతు పెట్టాడు. తీసిన గడ్డనీ చంకలోంచి తీసిన చిన్న ముక్కనీ పరీక్షకి పంపుతారు. పది రోజులకి ఫలితం వస్తుంది. అంచుల్లోనో చంకలోనో తేడా కనిపిస్తే, ఈ అరగంట చాలదు, ఆరు వారాలూ తప్పవు. "అప్పుడు వస్తారా?"

"వస్తాను సార్" అంది అత్త. తమిళంలో.

"తమిళంలో ఇచ్చిన మాట నాకొద్దమ్మా. అదెంత గట్టిదో నిన్న చూశాను. తెలుగులో చెప్పండి."

నేనెప్పుడూ చూడలేదు ఆమెని అట్లా. చెయ్యి తట్టడానికి ఏదో వెతికింది, దుప్పటి దొరికింది, దాన్ని తట్టింది, మడతలన్నీ పోయేదాకా తట్టింది. అవతల వార్డులో ఎవరో పిల్లని పిలుస్తున్నారు. సర్జన్ గడియారం చూసుకోలేదు. అది నేను ఆయనకిచ్చే పెద్ద మార్కు.

చివరికి, ఎవరిమీదో కోపంగా ఉన్నట్టు, "వస్తా" అంది. తర్వాత, "ఆయన సస్తే ఆ పాపం నీ మీద పెడతా" అని కలిపింది.

ఆపరేషన్ రోజు బయట బెంచీమీద కూర్చున్నాను. ఒక నర్సు తలుపు తెరిచి, "గడ్డ వచ్చేసింది, ఇప్పుడు మెషిన్ పెట్టారు" అని చెప్పి వెళ్ళింది. నేను కూర్చోలేకపోయాను. గోడ గడియారం కింద నిలబడ్డాను. గోడకి అవతల, నేను సుద్దముక్కతో వేలసార్లు గీసిన ఆ ఎలక్ట్రాన్లు నిజంగా పరుగెడుతున్నాయి, నాకు జుట్టెందుకని అడిగిన మనిషి లోపల! పక్కనున్న ముసలాయన, "మీ అమ్మా?" అని అడిగాడు. "శత్రువు" అన్నాను. పాపం, లేచి వేరే బెంచీకి వెళ్ళిపోయాడు.

మత్తు దిగాక అత్త కుడిచెయ్యి మెల్లిగా దుప్పటి కిందికి పోయింది. కట్టుమీద ఆగింది. నావైపు చూసింది.

"ఉండాది" అన్నాను నేను, ఆమె తెలుగులోనే.

కళ్ళు మూసుకుంది. "నీ జుట్టూ ఉండాది" అంది.

నాలుగు రోజులకి ఇంటికి పంపారు. పదో రోజు పొద్దున ఫలితం కోసం నేను విరుదునగర్‌లో బస్సెక్కి మదురై చేరి, ఆసుపత్రి మెట్ల దగ్గర నిలబడ్డాను. వస్తుందా? తెలుగులో ఇచ్చిన మాటే, అయినా నాకు ఆ ఇల్లు తెలుసు. రాకపోతే ఏం చెయ్యాలో, మా అమ్మకి ఫోను చేసి ఎవరెవరిని పంపించి లాక్కురమ్మనాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. చెప్పాల్సిన తిట్లు వరసలో పెట్టుకున్నాను.

గేటు దగ్గర ఆమె కనిపించింది. కుడిభుజాన ఒక సంచీ. మామూలు సంచీ కాదు, రెండు చాపలు, ఒక గిన్నె, చీరలు, అన్నీ బయటికి పొడుచుకొస్తున్న సంచీ. ఆమె వెనకాల, తెల్లచొక్కా తొడుక్కుని, భుజంమీంచి తువ్వాలు రెండు చేతులమీదికి జారవిడుచుకుని, మామ.

నేను ఆ మనిషిని పగటి ఎండలో చూసి పదేళ్ళకి పైనే అయింది. వరసలో పెట్టుకున్న తిట్లన్నీ మరిచిపోయాను. నేను!

"ఏమి అట్ట సూస్తావు? ఆరు వారాలైతే ఆరు వారాలే, ఈడే ఒక రూము తీసుకోని ఉంటాం" అంది అత్త. తర్వాత గొంతు తగ్గించి, "నేను పిలవలే. మాట ఇచ్చినానని సెప్తే మూడు దినాలు మాట్లాడలే. రాత్రి అంగీ తెచ్చి నా ముందర ఏసినాడు, తొడగమని."

లోపల వరండాలో జనం కిటకిటలాడుతున్నారు. ఫలితానికి ఇంకా గంట పడుతుందన్నారు. వాళ్ళు తెల్లారకముందే బయల్దేరారు, ఏమీ తినలేదు. అత్త బెంచీమీద గిన్నె మూత తీసి, పులిహోర కలిపి, ముద్ద ఎత్తింది. చుట్టుపక్కల కనీసం ముప్ఫైమంది. అందరూ చూస్తున్నారు. మామ ఆ ముప్ఫైమందిని ఒకసారి చూశాడు, ముద్దని చూశాడు. నోరు తెరిచాడు. ఎదురుగా కూర్చున్న ఒక పాప వాళ్ళమ్మని ఏదో అడిగింది, ఆ అమ్మ పాప నోరు మూసింది. మామ నమిలి మింగి, పాపతో తమిళంలో, "టపాకాయలతో ఆడితే ఇట్లా అవుతుంది" అని చెప్పి, తువ్వాలు పక్కకి తీసి చూపించాడు. పాప దగ్గరికొచ్చి వేలితో ముట్టుకుని చూసింది. అత్త ముద్ద గాల్లోనే ఆగిపోయింది.

పిలిచారు. ముగ్గురం లోపలికి వెళ్ళాం. సర్జన్ కాగితం చదివాడు, మళ్ళీ మొదటినుంచి చదివాడు. రెండోసారి చదివేదాకా ఓపిక పట్టలేక, చెయ్యి చాచి కాగితం లాక్కోబోయాను.

"అంచులు శుభ్రంగా ఉన్నాయి. చంకలో ఏమీ లేదు." తలెత్తాడు. "రేడియేషన్ ఆ రోజే అయిపోయింది. ఇక అక్కర్లేదు. మాత్రలు వేసుకోండి, చెప్పినప్పుడు వచ్చి చూపించుకోండి. ఇంటికి వెళ్ళిపోవచ్చు."

నేను అరిచానట. బయటనుంచి నర్సు తొంగిచూసింది. అత్త అరవలేదు, ఏడవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ కొంగమెడ పిల్లాణ్ణే చూస్తూ కూర్చుంది. ఆయనా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

మామ ఒక్కడే అయోమయంగా మా ముగ్గురి ముఖాలూ చూశాడు. ఆయనకి ఆ కాగితం సంగతి పూర్తిగా ఎక్కలేదు. ఎక్కిందల్లా చివరి మాటే.

"ఇంటికా?" అన్నాడు. "ఇప్పుడేనా? ఆరు వారాలని గదా చెప్పినావు? నేనింకా ఊరు సూడలే!"